కంజంక్షన్ పక్కన ‘టు’ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు: తెలుగు క్రియ చివర చూసి ఇంగ్లిష్ వాక్యం కట్టే పద్ధతి

‘ఐ డోంట్ నో వాట్ షుడ్ ఐ డూ.’ ఇంగ్లిష్ మాట్లాడటం మొదలుపెట్టిన తెలుగువాళ్ల నోట తరచూ వినిపించే వాక్యం ఇది. ఎదుటివాళ్లకు అర్థమైపోతుంది కాబట్టి ఎవరూ సరిచెయ్యరు. ఇలాంటివే ఇంకొన్ని ఉన్నాయి: ‘బిఫోర్ టు గో’, ‘సో దట్ టు గెట్ ఎ జాబ్’, ‘హి టోల్డ్ దట్ టు కమ్’, ‘షి డిడ్ నథింగ్ బట్ టు క్రై’. వేటికవే వేరు తప్పుల్లా కనిపిస్తాయి గానీ అన్నీ ఒక్కచోటే పుడుతున్నాయి. వాక్యంలో రెండు ముక్కల్ని కలిపే పదం పక్కన ‘టు’ రావాలా వద్దా అన్నది తేలకపోవడమే అసలు చిక్కు.

వ్యాకరణ పుస్తకాల్లో ఇన్ఫినిటివ్‌లకు (‘టు’తో వచ్చే క్రియలకు) ఒక అధ్యాయం, కంజంక్షన్లకు (కలిపే పదాలకు) ఒక అధ్యాయం ఉంటాయి. ఈ రెండూ పక్కపక్కన కూర్చునే చోటు మాత్రం చాలా పుస్తకాల్లో రెండు మూడు లైన్లలో తేలిపోతుంది. మనవాళ్లు ఎక్కువగా తడబడేది అక్కడే. నన్నడిగితే దీన్ని తెలుగు క్రియ చివర నుంచి నేర్చుకోవడం మేలు. ‘చెయ్యాలి’, ‘చెయ్యాలో’, ‘చేసేముందు’, ‘చెయ్యమని’, ‘చెయ్యబోతున్నట్టు’ అనే మాటల మధ్య తేడా మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఇంగ్లిష్‌లో ఏ అచ్చు, అంటే ఏ వాక్యపు మూస, వాడాలో చాలాసార్లు ఆ చివరి అక్షరాలే చెప్పేస్తాయి.

ముందు పేర్లు. ‘టు’ పక్కన క్రియ మొదటి రూపం, అంటే కోచింగ్ భాషలో టు ప్లస్ వీ1, ఇన్ఫినిటివ్. దాని వెనక వచ్చే మాటలతో కలిపితే ఇన్ఫినిటివ్ ఫ్రేజ్: ‘టు బై ఎ ఫ్లాట్ ఇన్ గుంటూర్’ మొత్తం ఒక ఫ్రేజ్. ‘టు’ లేకుండా వీ1 ఒక్కటే వస్తే బేర్ ఇన్ఫినిటివ్. ఇక ‘వాట్’, ‘హౌ’ లాంటివి ఖచ్చితంగా చూస్తే కంజంక్షన్లు కావు, ప్రశ్నపదాలు. ‘బట్’ కొన్నిచోట్ల ప్రిపోజిషన్ అవుతుంది. కలిపే పని అన్నీ చేస్తాయి కాబట్టి ఇక్కడ అన్నిటినీ కలిపే పదాలే అంటాను. పేర్ల గొడవ పరీక్షకు కావాలేమో గానీ మాట్లాడటానికి అక్కర్లేదు.

మొదటి మెట్టు: చివర ‘లి’ ఉందా, ‘లో’ ఉందా?

ఈ వ్యాసంలో ఒక్క మెట్టే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

‘ఏం చెయ్యాలి?’ అన్నది నేరుగా అడిగే ప్రశ్న. ‘ఏం చెయ్యాలో తెలియట్లేదు’ అన్నప్పుడు ఆ ప్రశ్న ఇంకో వాక్యం లోపలికి వెళ్లి కూర్చుంది. ఇంగ్లిష్‌లో ప్రశ్నపదం ప్లస్ టు అనే అచ్చు ఈ రెండోదానికే: ‘ఐ డోంట్ నో వాట్ టు డూ.’ మిగతావీ ఇలాగే వస్తాయి. ఎలా తెరవాలో అంటే ‘హౌ టు ఓపెన్ ఇట్’. ఎక్కడ దిగాలో అంటే ‘వేర్ టు గెట్ ఆఫ్’. ఏ బస్సు ఎక్కాలో అంటే ‘విచ్ బస్ టు టేక్’. ఎవర్ని అడగాలో అంటే ‘హూ టు ఆస్క్’. ఎంత కట్టాలో అంటే ‘హౌ మచ్ టు పే’. పాలు ఎంతసేపు కాచాలో అంటే ‘హౌ లాంగ్ టు బాయిల్ ది మిల్క్’.

దీనితో పెద్ద లాభం ఒకటుంది. ‘వాట్ షుడ్ ఐ డూ’ అనేది విడి ప్రశ్నకు పనికొచ్చే వరస. అదే వాక్యం లోపలికి వెళ్తే ‘వాట్ ఐ షుడ్ డూ’ అని సబ్జెక్టు ముందుకు జరగాలి. ఆ జరపడం దగ్గరే మనకు పొరపాటు వస్తుంది. ‘వాట్ టు డూ’ అంటే సబ్జెక్టూ ఉండదు, ‘షుడ్’ ఉండదు, టెన్స్ ఉండదు. జరపడానికి ఏమీ మిగలదు కాబట్టి తప్పు చేసే వీలే తగ్గిపోతుంది. మాట్లాడేటప్పుడు తడుముకునేవాళ్లకు నేను ముందుగా అలవాటు చెయ్యమనేది ఈ అచ్చే.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. ‘వాట్ టు డూ?’, ‘హౌ టు ఓపెన్ దిస్?’ అని వీటినే విడి ప్రశ్నలుగా అడగడం మన దేశమంతటా వినిపిస్తుంది. ఇక్కడ మనలో మనకు నడిచిపోతుంది గానీ బయటి దేశంలో ఆఫీసు మీటింగ్‌లో అంటే ప్రశ్న సగంలో ఆగినట్టు ఉంటుంది. చివర ‘లి?’ ఉంటే పూర్తి ప్రశ్నే అడగండి: ‘వాట్ షుడ్ ఐ డూ?’, ‘హౌ డూ ఐ ఓపెన్ దిస్?’ శీర్షికగా అయితే ‘హౌ టు అప్లై’ నిక్షేపంగా రాయొచ్చు. అది ప్రశ్న కాదు, ‘ఎలా అప్లై చెయ్యాలో చెప్పే పేజీ’ అని అర్థం.

ఇంకో మూడు చోట్ల జాగ్రత్తపడాలి.

ఒకటి, ‘రవి ఏం చెయ్యాలో నాకు తెలియదు’ లాంటి వాక్యాలు. తెలుగులో ‘లో’ ఉంది కదా అని ‘వాట్ రవి టు డూ’ అంటే కుదరదు. ప్రశ్నపదానికీ ‘టు’కీ మధ్య మనిషిని కూర్చోబెట్టడానికి చోటు లేదు. ఆ పని చెయ్యాల్సిన మనిషి ముందు ముక్కలోనే ఉండాలి. ‘ఐ డోంట్ నో వాట్ టు డూ’లో చెయ్యాల్సింది నేను. ‘షి టోల్డ్ మి వాట్ టు డూ’లోనూ నేనే, ‘మి’ ఉంది కాబట్టి. రవి అక్కడ లేడు, అందుకే పూర్తి వాక్యం రాయాలి: ‘ఐ డోంట్ నో వాట్ రవి షుడ్ డూ.’

రెండు, ‘ఎందుకు’. ‘ఎందుకు వెళ్లాలో తెలియట్లేదు’ అనడానికి ‘వై టు గో’ అనరు. ‘ఐ డోంట్ నో వై ఐ షుడ్ గో’ అనాలి. ‘వై’ పక్కన మామూలుగా వచ్చేది ‘టు’ లేని క్రియ, అదీ ప్రశ్నలో: ‘వై వెయిట్?’, ‘వై నాట్ ఆస్క్ హర్?’ అంటే ఎందుకు ఆగడం, ఆమెనే అడగొచ్చు కదా అని.

మూడు, వచ్చిన విద్యల గురించి చెప్పేటప్పుడు. ‘నాకు ఈత వచ్చు’ అంటే ‘ఐ నో స్విమ్మింగ్’ అనో ‘ఐ నో టు స్విమ్’ అనో అంటాం. కావలసింది ‘ఐ నో హౌ టు స్విమ్’, లేదా ఇంకా తేలిగ్గా ‘ఐ కెన్ స్విమ్’. అలాగే ‘హి ఎక్స్‌ప్లెయిన్డ్ మి హౌ టు డూ ఇట్’ కాదు, ‘ఎక్స్‌ప్లెయిన్డ్ టు మి’. ఆ ‘టు మి’ బరువనిపిస్తే ‘షోడ్ మి హౌ టు డూ ఇట్’ అనండి, చక్కగా సరిపోతుంది.

రెండో మెట్టు: వెళ్లాలో వద్దో

రెండు దారుల మధ్య ఊగిసలాటకు ఇంగ్లిష్‌లో ‘వెదర్’, ‘ఇఫ్’ రెండూ ఉన్నాయి. ‘టు’ను పక్కన కూర్చోనిచ్చేది ‘వెదర్’ మాత్రమే. ‘ఐ కాంట్ డిసైడ్ వెదర్ టు గో ఆర్ స్టే’ సరైనది. ‘ఇఫ్ టు గో’ ఎప్పుడూ తప్పే. ‘ఇఫ్’ వాడాలనుకుంటే పూర్తి వాక్యం కట్టాలి: ‘ఐ డోంట్ నో ఇఫ్ ఐ షుడ్ గో.’

‘ఆర్ నాట్’ను చివర పెట్టినా (‘వెదర్ టు గో ఆర్ నాట్’), ‘వెదర్’ పక్కనే పెట్టినా (‘వెదర్ ఆర్ నాట్ టు గో’) తప్పు లేదు. అసలు పెట్టకపోయినా అర్థం మారదు. ఆఫీసు మెయిల్లో ఈ అచ్చు చాలా మర్యాదగా పనిచేస్తుంది: ‘ప్లీజ్ లెట్ మి నో వెదర్ టు సెండ్ ది ఫైల్ టుడే ఆర్ వెయిట్ ఫర్ యువర్ చేంజెస్.’ ‘ఆర్’ తర్వాత ‘వెయిట్’ ముందు మళ్లీ ‘టు’ రాయకపోయినా మొదటి ‘టు’ దానికీ సరిపోతుంది.

మూడో మెట్టు: ‘ఎప్పుడు చెయ్యాలో’ వేరు, ‘చేసేటప్పుడు’ వేరు

‘వెన్’ రెండు పనులు చేస్తుంది. అందుకే ఇక్కడ తెలుగు చివర మరీ అక్కరకొస్తుంది. డాక్టరు దగ్గర జరిగే మాటలే తీసుకోండి. మాత్ర ఎప్పుడు వేసుకోవాలో అడుగు అనడానికి ‘ఆస్క్ ది డాక్టర్ వెన్ టు టేక్ దిస్ టాబ్లెట్.’ ఈ మాత్ర వాడేటప్పుడు బండి నడపొద్దు అనడానికి ‘డోంట్ డ్రైవ్ వెన్ టేకింగ్ దిస్ టాబ్లెట్.’ ‘ఆలో’ ఉంటే ‘టు’ వస్తుంది, ‘ఏటప్పుడు’ ఉంటే ‘ఇంగ్’ వస్తుంది. రెండోచోట ‘వెన్ టు టేక్’ అంటే వాక్యం విరిగిపోతుంది.

కాలం చెప్పే మిగతా పదాల దగ్గర ఇంత ఆలోచన అక్కర్లేదు. ‘బిఫోర్’, ‘ఆఫ్టర్’, ‘వైల్’, ‘సిన్స్’ పక్కన ‘టు’ రాదు. వెళ్లేముందు అంటే ‘బిఫోర్ గోయింగ్’, తిన్న తర్వాత అంటే ‘ఆఫ్టర్ ఈటింగ్’, వంట చేస్తూ అంటే ‘వైల్ కుకింగ్’, ఇక్కడికి వచ్చినప్పటి నుంచి అంటే ‘సిన్స్ కమింగ్ హియర్’. ‘అంటిల్’, ‘బికాజ్’, ‘ఆల్దో’, ‘అన్‌లెస్’ పక్కనా ‘టు’ రాదు. వాటికి పూర్తి వాక్యం ఇవ్వండి: ‘వెయిట్ అంటిల్ హి కమ్స్.’ ‘అన్‌లెస్ ఆస్క్డ్’, ‘ఇఫ్ నీడెడ్’ లాంటి పొట్టి రూపాలు వినపడుతుంటాయి, అవి వీ3తో, అంటే క్రియ మూడో రూపంతో వచ్చేవి.

నాలుగో మెట్టు: దేనికోసం?

‘ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చాను’ అనడానికి ‘ఐ కేమ్ టు హైదరాబాద్ టు గెట్ ఎ జాబ్’ చాలు. ఇంకే పదమూ అక్కర్లేదు. మన ‘కోసం’ చెవిలో మోగడం వల్ల ‘ఫర్ టు గెట్’, ‘ఫర్ గెట్టింగ్’ అనేస్తుంటాం. ‘ఫర్ టు’ పాత ఇంగ్లిష్ రచనల్లో నిజంగానే ఉండేది, కొన్ని ప్రాంతాల మాండలికాల్లో ఇప్పటికీ ఉంది. ఈనాటి ప్రామాణిక భాషలో మాత్రం అది చెల్లదు.

కొంచెం గట్టిగా, రాతలో చెప్పాలనుకుంటే ‘ఇన్ ఆర్డర్ టు’, ‘సో యాజ్ టు’ ఉన్నాయి. ఇవి నిజంగా అవసరమయ్యేది ‘కుండా’ వచ్చినప్పుడు. పాప లేవకుండా మెల్లగా నడిచాను అంటే ‘ఐ వాక్డ్ స్లోలీ సో యాజ్ నాట్ టు వేక్ ది బేబీ.’ ‘నాట్’ ఎప్పుడూ ‘టు’కి ముందే. ఇక్కడ ఉత్త ‘నాట్ టు వేక్’ అంటే వాక్యం తేలిపోతుంది, ముందు ‘సో యాజ్’ ఉంటేనే నిలబడుతుంది.

‘సో దట్’ ఈ గుంపులోది కాదు. ‘సో దట్ టు పాస్’ అనేది బాగా చదువుకున్నవాళ్ల మెయిళ్లలో కూడా కనిపించే తప్పు. ‘సో దట్’ పక్కన మనిషి ఉండాలి, క్రియ ఉండాలి: ‘సో దట్ ఐ కెన్ పాస్’. ఏది ఎప్పుడు వాడాలంటే, రెండు పనులూ చేసేది ఒక్కరే అయితే ‘టు’తో పోతుంది. వేర్వేరు మనుషులైతే ‘సో దట్’ వాడండి. వాళ్లు వినాలని గట్టిగా మాట్లాడాను అంటే ‘ఐ స్పోక్ లౌడ్లీ సో దట్ దే కుడ్ హియర్.’

ఐదో మెట్టు: ‘అని’ కనిపించగానే ‘దట్’ రాయొద్దు

తెలుగులో ‘అని’ అన్నిటికీ అతుక్కుంటుంది. ‘వస్తానని చెప్పాడు’, ‘రమ్మని చెప్పాడు’ రెండింటిలోనూ ఉంది. బళ్లో ‘అని’కి ‘దట్’ అని నేర్చుకున్న చెయ్యి రెండుచోట్లా అదే రాస్తుంది. అందుకే ‘హి టోల్డ్ దట్ టు కమ్’ పుడుతోంది.

‘అని’కి ముందున్నది చూడండి. ‘రమ్మని’, ‘చెయ్యమని’, ‘తెమ్మని’ లాగా ‘మ్మ’ గానీ ‘మ’ గానీ వినిపిస్తే అది ఆజ్ఞ లేదా కోరిక. అప్పుడు మనిషి ప్లస్ ‘టు’ పెట్టాలి: ‘హి టోల్డ్ మి టు కమ్.’ ‘వద్దని’ ఉంటే ‘నాట్ టు’ పెట్టాలి: ‘హి టోల్డ్ మి నాట్ టు కమ్.’ ‘వస్తానని’, ‘వచ్చాడని’, ‘ఉందని’ లాగా పూర్తి వాక్యం దాక్కుని ఉంటే అక్కడ ‘దట్’: ‘హి సెడ్ దట్ హి వుడ్ కమ్.’ ‘దట్’ పక్కన ‘టు’ ఎన్నడూ రాదు.

ఆరో మెట్టు: తప్ప, కంటే

పోటీ పరీక్షల్లో తప్పు పట్టమని ఇచ్చే వాక్యాలకు ఇది ఇష్టమైన చోటు. ‘షి డిడ్ నథింగ్ బట్ టు క్రై’లో ‘టు’ తీసెయ్యాలి. ‘ఐ హ్యాడ్ నో చాయిస్ బట్ టు సెల్ ది ల్యాండ్’లో ఉంచాలి. రెండింటిలోనూ ‘బట్’కి ‘తప్ప’ అనే అర్థం. మరి ఎలా తెలుస్తుంది?

‘బట్’కి ఎడమవైపు చూడాలి. అక్కడ ‘డూ’, ‘డజ్’, ‘డిడ్’, ‘డన్’లలో ఏదైనా క్రియగా ఉంటే కుడివైపు ‘టు’ ఉండదు. ‘దేర్ ఈజ్ నథింగ్ టు డూ బట్ వెయిట్’లో ‘డూ’ ఉంది, అందుకే ఉత్త ‘వెయిట్’. ‘చాయిస్’, ‘ఆప్షన్’, ‘ఆల్టర్నేటివ్’ లాంటి నామవాచకం ఉంటే ‘టు’ ఉంటుంది. ‘కాంట్ హెల్ప్ బట్’ మాత్రం విడిగా గుర్తుపెట్టుకోండి: ‘ఐ కాంట్ హెల్ప్ బట్ లాఫ్’, అంటే నవ్వకుండా ఉండలేను. ‘ఎక్సెప్ట్’ దగ్గరా ‘డూ’ పరీక్షే నడుస్తుంది.

‘దాన్’ దగ్గర సూత్రం తూకం లాంటిది. ఎడమ పళ్లెంలో ఏది ఉంటే కుడి పళ్లెంలోనూ అదే ఉండాలి. అప్పు తీసుకోవడం కంటే తీర్చడం కష్టం అంటే ‘ఇట్ ఈజ్ హార్డర్ టు రీపే ఎ లోన్ దాన్ టు టేక్ వన్.’ ‘వుడ్ రాదర్’ పక్కన ‘టు’ ఉండదు కాబట్టి ‘దాన్’ పక్కనా ఉండదు: ‘ఐ వుడ్ రాదర్ వాక్ దాన్ వెయిట్ ఫర్ ది బస్.’

ఇందులో నాకు బాగా నచ్చే నుడికారం ‘నో బెటర్ దాన్ టు’ (ఈ ‘నో’ అంటే ‘తెలుసు’ అనే క్రియ, ‘కాదు’ కాదు). ‘వాడికి అప్పిచ్చేంత అమాయకుణ్ణి కాను’ అనే మాటను ఇంగ్లిష్‌లో చెప్పమంటే చాలామంది ‘ఇన్నోసెంట్’ అనే పదం కోసం వెతుకుతారు. ‘ఐ నో బెటర్ దాన్ టు లెండ్ హిమ్ మనీ’ అంటే ఆ విసురుతో సహా వచ్చేస్తుంది. ఈ నుడికారంలో ‘టు’ ఎప్పుడూ ఉండాల్సిందే.

ఏడో మెట్టు: ‘అన్నట్టు’, ‘తీరా చూస్తే’

కథలు చెప్పేవాళ్లకు, బ్లాగులు రాసేవాళ్లకు ఈ రెండూ పెన్నిధి.

‘ఏదో చెప్పబోతున్నట్టు నోరు తెరిచాడు’ అనడానికి ‘హి ఓపెన్డ్ హిజ్ మౌత్ యాజ్ ఇఫ్ టు సే సంథింగ్.’ ‘ఇఫ్’ పక్కన ‘టు’ రాదని పైన చెప్పాను. ముందు ‘యాజ్’ చేరితే వస్తుంది. ‘యాజ్ దో టు’ కూడా ఇంతే. ‘నోరు ముయ్యి అన్నట్టు చూసింది’ అనాలంటే ‘షి లుక్డ్ ఎట్ మి యాజ్ ఇఫ్ టు సే, షటప్.’

తెలుగులో ‘తీరా’ అనే చిన్న మాట ఎంత పని చేస్తుందో చూడండి. ‘పరిగెత్తుకుంటూ వెళ్లానా, తీరా చూస్తే బస్సు వెళ్లిపోయింది.’ ఆశపడి వెళ్తే నిరాశ ఎదురైందన్నదంతా ఆ రెండక్షరాల్లో ఉంది. ఇంగ్లిష్‌లో ఆ పని చేసేది ‘ఓన్లీ టు’: ‘ఐ ర్యాన్ టు ది బస్ స్టాప్, ఓన్లీ టు ఫైండ్ దట్ ది బస్ హ్యాడ్ లెఫ్ట్.’ ‘ఓన్లీ’ ముందున్న కామా వదలొద్దు. కామా లేకుండా ‘ఐ వెంట్ దేర్ ఓన్లీ టు సీ యూ’ అంటే నిన్ను చూడటానికే వెళ్లాను అని, పూర్తిగా వేరే మాట. ‘తీరా’ లాగే దీన్నీ అనుకోని దెబ్బ తగిలినప్పుడే వాడండి. శుభవార్తకు అతకదు.

ఎనిమిదో మెట్టు: ‘అండ్’, ‘ఆర్’ తర్వాత

ఒక ‘టు’ రెండు మూడు క్రియల్ని మోయగలదు: ‘ఐ వాంట్ టు సిట్ అండ్ రీడ్.’ వాక్యం బాగా పొడవైతేనో, రెండు పనుల మధ్య తేడా నొక్కి చెప్పాలంటేనో మళ్లీ ‘టు’ రాయండి. చెయ్యకూడనిది ఒక్కటే, రెండు రకాలు కలపడం: ‘ఐ లైక్ టు రీడ్ అండ్ రైటింగ్’ తప్పు.

క్రియ రూపం ఎంత ముఖ్యమో ఈ జత చూస్తే తెలుస్తుంది. ‘ఐ ఫర్‌గాట్ టు లాక్ ది డోర్ అండ్ స్విచ్ ఆఫ్ ది గ్యాస్’ అంటే తాళం వెయ్యడమూ మరిచాను, గ్యాస్ ఆపడమూ మరిచాను. ‘అండ్ స్విచ్డ్ ఆఫ్ ది గ్యాస్’ అంటే తాళం మరిచాను గానీ గ్యాస్ ఆపాను. ‘స్విచ్’కీ ‘స్విచ్డ్’కీ పలకడంలో తేడా అంతంతమాత్రం, కానీ మొదటి వాక్యం విన్నవాళ్లు ఇంటికి పరుగెత్తాలి.

‘ట్రై టు’కి బదులు ‘ట్రై అండ్’ వింటే తప్పనుకోకండి. ‘ఐ విల్ ట్రై అండ్ కమ్’ అనే వాడుక 17వ శతాబ్దం నుంచే ఉంది, బ్రిటన్‌లో మరీ ఎక్కువ. ‘ట్రైడ్ అండ్’, ‘ట్రయింగ్ అండ్’ అనే రూపాల్లో మాత్రం ఈ అర్థం రాదు, అక్కడ ‘టు’యే వాడాలి. రాతలో ఎప్పుడైనా ‘ట్రై టు’ మంచిది.

ఇప్పుడు మీ వంతు

కింది ఆరింటినీ ముందు పైకి చదవండి, క్రియ చివర ఏముందో గమనించండి, తర్వాత ఇంగ్లిష్‌లో అనండి. జవాబులు ఆ కింద ఉన్నాయి.

1. ఫారం ఎక్కడ ఇవ్వాలో అతను చూపించాడు.
2. ఇల్లు అమ్మాలో వద్దో అమ్మ ఇంకా తేల్చుకోలేదు.
3. సంతకం పెట్టేముందు పూర్తిగా చదువు.
4. ఎవరికీ చెప్పొద్దని ఆమె నాకు చెప్పింది.
5. వాళ్లు రోజంతా నిద్రపోవడం తప్ప ఏం చెయ్యలేదు.
6. రెండు గంటలు లైన్లో నిలబడ్డాం, తీరా చూస్తే టికెట్లు అయిపోయాయి.

ఒకటి, ‘హి షోడ్ మి వేర్ టు సబ్మిట్ ది ఫారం.’ తెలుగులో ‘నాకు’ లేకపోయినా ఇంగ్లిష్‌లో ‘మి’ రావాలి, ఫారం ఇచ్చేది నేనే కాబట్టి. రెండు, ‘మదర్ హ్యాజ్ నాట్ డిసైడెడ్ వెదర్ టు సెల్ ది హౌస్.’ మూడు, ‘రీడ్ ఇట్ ఫుల్లీ బిఫోర్ సైనింగ్.’ నాలుగు, ‘షి టోల్డ్ మి నాట్ టు టెల్ ఎనీవన్.’ ఐదు, ‘దే డిడ్ నథింగ్ బట్ స్లీప్ ఆల్ డే.’ ఆరు, ‘వుయ్ స్టుడ్ ఇన్ లైన్ ఫర్ టూ అవర్స్, ఓన్లీ టు ఫైండ్ దట్ ది టికెట్స్ వర్ సోల్డ్ అవుట్.’ రెండోదాంట్లో ఇల్లు అమ్మాల్సింది అమ్మ కాకుండా నాన్న అయితే ‘వెదర్ టు’ చెల్లదు. ‘మదర్ హ్యాజ్ నాట్ డిసైడెడ్ వెదర్ ఫాదర్ షుడ్ సెల్ ది హౌస్’ అని విప్పి రాయాలి.